పెరట్లో ఆఫీసు

పెళ్ళయి పుదుచ్చేరికి వచ్చిన కొత్తలో మా మామయ్య మాట్లాడే తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. మరీ అంత దూరమేం కాదు. అయినా ఆయన నోటివెంట "రొంబ", "సీక్రం", "తొందరవు" అంటూ అరవ మాటలు తెలుగులో కలిసిపోయి వస్తుంటే నేను తలాడించి ఊరుకుని, తర్వాత మావారిని అడిగి తెలుసుకునేదాన్ని. వాళ్ళ పెద్దవాళ్ళు ఎన్నో తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తెలుగు రాయడం, చదవడం మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

మామయ్య ఊళ్ళోని నూలు మిల్లులో పనిచేసి, అది మూతపడ్డాక ఇంటిపట్టున ఉండిపోయారు. అత్తయ్య నా పెళ్ళికి ముందే పోయింది. నెల్లితోపులో మా ఇల్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందు గేటు పెద్ద వీధిలోకి, వెనక పెరడు దాటితే ఒక ఇరుకు సందులోకి. పెరట్లో బట్టలుతికే రాయి, దాని పక్కన మునగచెట్టు, సందు గోడకు ఆనుకుని మామయ్య సైకిల్ షెడ్డు. ఆ షెడ్డుకు రెండు తలుపులు, ఒకటి పెరట్లోకి, ఒకటి సందులోకి. ఈ తలుపుల సంగతి ముందే చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

నా ఉద్యోగం చెన్నైలో. ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో డాక్టర్లు రాసిన రిపోర్టులు చదివి, ఏ జబ్బుకు, ఏ దెబ్బకు ఏ కోడు వేయాలో వేసి పంపడం నా పని. సోమవారం చీకటితోనే బస్సెక్కితే మళ్ళీ శనివారం సాయంత్రానికే ఇల్లు చేరేదాన్ని. మిగతా రోజులు హాస్టల్లో ఉండేదాన్ని. మావారు తేంగాయితిట్టు రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తారు. పొద్దున్నే పోతే ఎప్పుడొస్తారో ఆ ఇంజన్లకే తెలియాలి. అందుకని మా పాపను పెంచింది మామయ్యే. స్నానం చేయించడం, జడలు వేయడం, బడికి తీసుకెళ్ళడం అన్నీ ఆయనే. జడలు వంకరగా ఉండేవి. బడిలో టీచరు నవ్విందని పాప చెబితే, "మీ టీచరమ్మకి తెలీదు, ఇది ఫ్రెంచి జడ," అని నమ్మించారు.

శనివారం నేను గేటు తీసేసరికి పాప తాత కాలు పట్టుకుని, కొత్తవాళ్ళను చూసినట్టు కాసేపు చూసేది. తర్వాత దగ్గరికి వచ్చేది. ఆదివారం మధ్యాహ్నానికి పూర్తిగా నాది అయ్యేది. సోమవారం నిద్ర లేచేసరికి నేనుండేదాన్ని కాదు.

కరోనా వచ్చి, ఆఫీసు మూసి, అందరూ ఇళ్ళనుంచే పని చేయమన్నప్పుడు లోకమంతా భయపడుతోంది. నేనూ భయపడ్డాను. అయినా కంపెనీవాళ్ళు పంపిన కంప్యూటరు వ్యాన్లోంచి దిగినప్పుడు, అట్టపెట్టె చుట్టూ పాప గంతులేస్తుంటే, నా సంతోషం ఎవరికీ కనపడకుండా దాచుకోవలసి వచ్చింది. ఇక సోమవారం బస్సు లేదు. రోజూ నా బిడ్డ పక్కనే నిద్రపోతాను, నా బిడ్డ పక్కనే లేస్తాను.

కంప్యూటరును హాల్లో, కిటికీ కింద పెట్టుకున్నాను. పాప అప్పుడు రెండో తరగతి. దాని క్లాసు ఫోనులో, నా పని కంప్యూటరులో, మామయ్య రేడియో వంటింట్లో. కుక్కరు కూస్తే మా మీటింగులో అందరికీ వినపడేది. మీటింగులో టీమ్ లీడరు మాట్లాడితే పాప క్లాసులో వాళ్ళ టీచరుకు వినపడేది. పక్కింటి అక్క కరివేపాకు కోసమని వచ్చి, "ఇంట్లోనే ఉండావు కదా," అని గడప మీద కూర్చునేది. గ్యాసు బండ వాడు, మున్సిపాలిటీ వాళ్ళు, కోడిగుడ్ల వ్యాన్ వాడు అందరూ నన్నే పిలిచేవాళ్ళు. నేను ఇంట్లోనే ఉన్నాను కదా.

ఇన్ని గొంతుల మధ్య నన్ను పిలవడం మానేసింది పాప ఒక్కతే.

అది నేను వెంటనే గమనించలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నప్పుడు అది దగ్గరికి వస్తే, నేను చూపు తిప్పకుండా చెయ్యి పైకెత్తేదాన్ని, ఆగమని. కొన్నాళ్ళకు అది కూడా చేతులతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. నీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టేది. బయటికి పోవాలంటే వేలితో గుమ్మం చూపించేది. పనికి అడ్డం రాకుండా ఉంటోందని నేను మురిసిపోయాను కూడా. ఒక రోజు రాత్రి అన్నం తినిపిస్తుంటే దాని కింది వరసలో పన్ను లేదు.

"ఎప్పుడు ఊడిందే?" అన్నాను.

"మొన్న. తాత మిద్దె మీదికి విసిరేసినాడు. నీకు మీటింగు ఉండె."

మామయ్య పక్కనే పీట మీద కూర్చుని భోంచేస్తున్నారు. ఆయన నీళ్ళ గ్లాసు పాప ముందుకు జరిపారు.

ఆ వారంలోనే ఆఫీసులో నా పని తనిఖీకి వెళ్ళి తిరిగి వచ్చింది. ఎవరికో ఎడమకాలు విరిగితే నేను కుడికాలి కోడు వేశాను. అలాంటివి ఇంకా కొన్ని. మా టీమ్ లీడరు మంచిదే. కోప్పడలేదు. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది. నాకు అదే ఎక్కువయింది. కంప్యూటరు కట్టేసి వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటి నల్లగా మాడిపోయి ఉంది. ఆ గిన్నె తోముతూ ఏడుస్తుంటే మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఉద్యోగం మానేస్తాను మామా," అన్నాను.

"మానేసి?"

"ఇంట్లో ఉంటాను."

"ఇప్పుడు యాడ ఉండావు?"

ఆయన నా చేతిలోంచి గిన్నె తీసుకుని నీళ్ళు పోసి నానబెట్టారు.

"ఇదో మా, నేను చెప్పేది విను. పని అనేది పొయ్యి, చేసి, ఇంటికి రావాల. నువ్వు పొయ్యేదీ లేదు, వచ్చేదీ లేదు. బిడ్డకి నువ్వు యెప్పుడు పోయినావో తెలీదు, యెప్పుడు వచ్చినావో తెలీదు. అది యేం చేస్తాది, పావం? ఉద్యోగం వొదలొద్దు. ఉద్యోగానికి పో."

"యాడికి పోయేది మామా? ఆఫీసు మూసేసినారు కదా," అన్నాను. అప్పటికే నా మాటకూ ఆ ఊరి యాస వచ్చేసింది.

"వెనకాల షెడ్డు ఉండాది కదా."

ఆయన సరదాకు అన్నారనుకున్నాను. మర్నాడు పొద్దున నేను లేచేసరికి షెడ్డులోని సామానంతా పెరట్లో ఉంది. తుప్పుపట్టిన ట్రంకుపెట్టె, పాత ఫ్యాను, చేపల బుట్టలు, మావారు చిన్నప్పుడు తొక్కిన మూడు చక్రాల బండి. సైకిల్‌ను మాత్రం మునగచెట్టుకు ఆనించి, దుమ్ము తుడిచి, గోనెపట్టా కప్పారు. సాయంత్రం మావారు రేవునుంచి వచ్చి కరెంటు వైరు లాగారు. మామయ్య గోడలకు సున్నం కొట్టారు. పాప తన ఎత్తు వరకూ తనూ కొట్టింది. ఆ షెడ్డులో తర్వాత ఎంతకాలం కూర్చున్నా, ఆ గోడ కింది సగంలో చిన్న చిన్న చేతుల గీతలు నాకు కనపడుతూనే ఉండేవి.

"రేపట్నించి ఈడే నీ ఆఫీసు," అన్నారు మామయ్య. "అయితే పెరట్లోంచి పోకూడదు. ముందర గేటు తీసుకోని పో. వీధి చుట్టి, సందులో వచ్చి, ఆ తలుపు తియ్యి. సాయంత్రం అట్లే తిరిగి రా."

"ఎవరైనా చూస్తే నవ్వుతారు మామా."

"నవ్వనీ. మిల్లులో సంగు ఊదితే ఊరంతా కదిలేది. యెవురు నవ్వినారు?"

మిల్లు సైరన్‌ను ఇక్కడ సంగు అంటారు. ఆ సంగు ఆగిపోయి చాలా ఏళ్ళయినా ఆయన రోజు అంతా దాని ప్రకారమే నడిచేది.

మొదటి రోజు నిజంగానే సిగ్గుగా అనిపించింది. మంచి చీర కట్టుకోమన్నారు. కట్టుకున్నాను. ఆయన మిల్లుకు తీసుకెళ్ళిన తూక్కు, అంటే పిడి ఉన్న అన్నపు డబ్బా, అందులో చిత్రాన్నం పెట్టి నా చేతికిచ్చారు. పాప గేటు దాకా వచ్చింది. నేను మాస్కు పెట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని, వీధిలో నడిచాను. ఇస్త్రీ బండి దాటి, మూలనున్న టీ కొట్టు దాటి, సందులోకి తిరిగి, మా ఇంటి వెనక తలుపు తాళం తీసి లోపలికి వెళ్ళాను. సన్నని గోడకు అవతల, మా పెరట్లో, మామయ్య పాపతో అంటున్నారు.

"అమ్మ యాడ?"

"ఆఫీసుకి పోయింది."

"యెప్పుడు వస్తాది?"

"సాయంత్రం."

ఆ "సాయంత్రం" అన్న మాటలో ఎంత ధీమా ఉందో! అన్నాళ్ళూ దానికి నేను ఎప్పుడొస్తానో చెప్పినవాళ్ళే లేరు.

ఆ రోజు పని ముగించి మళ్ళీ వీధి చుట్టి వచ్చాను. గేటు దగ్గర పాప నిలబడి ఉంది. నన్ను చూసి "అమ్మ వచ్చేసింది!" అని వీధి అదిరేలా అరిచి పరిగెత్తుకొచ్చింది. పొద్దుటినుంచీ నేను దానికి గోడ అవతలే ఉన్నాను. అయినా ఊరినుంచి వచ్చినదాన్ని అల్లుకున్నట్టు అల్లుకుపోయింది. చేతులతో కాదు, నోటితో, ఆపకుండా మాట్లాడింది. బొద్దింక సంగతి, తాత రేడియోలో విన్న పాట, లెక్కల క్లాసులో ఎవరో తినడం. నేను చెప్పులు కూడా విడవకుండా మెట్టు మీద కూర్చుని అంతా విన్నాను.

తర్వాత చాలా కాలం మా ఇల్లు అలాగే నడిచింది. వీధిలో వాళ్ళు మొదట్లో నవ్వారు. ఇస్త్రీ బండి ఆయన "ఏమ్మా, బస్సు దొరికిందా?" అని అడిగేవాడు. పోనుపోను అది కూడా మామూలయింది. పొద్దున నేను కాస్త ఆలస్యంగా బయటపడితే, "లేటయింది, సీక్రం పో," అని తొందరపెట్టేవాళ్ళు. పక్కింటి అక్క కరివేపాకు కోసం ఆదివారమే రావడం నేర్చుకుంది. మామయ్య కుర్చీ వేసుకుని పెరట్లో కాపలా ఉండేవారు. ఎవరైనా నన్ను అడిగితే, "డ్యూటీలో ఉండాది. సాయంత్రం రా," అని పంపించేసేవారు. పెరటివైపు తలుపు తట్టకూడదన్నది ఆయన పెట్టిన నియమం. పాపకు అది బాగా నూరిపోశారు. ఒకసారి బంతి వచ్చి ఆ తలుపుకు తగిలితే, పాప తలుపుకే "సారీ" చెప్పడం విన్నాను.

నా పనిలో తప్పులు తగ్గాయి. మధ్యాహ్నం తూక్కు మూత తీస్తే ఒక్కోరోజు ఒక్కో వాసన. వేసవిలో పడవలు సముద్రంలోకి పోకూడని రోజుల్లో రేవులో అందరూ ఇంజన్లు విప్పుకునేవాళ్ళు. మావారు డీజిలు వాసనతో ఇంటికొచ్చి, "మీ ఆఫీసే నయం, నీడలో ఉండాది," అనేవారు. ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సాయంత్రపు గేటు చప్పుడే ముందు వినపడుతుంది.

రెండో ఏటి వానాకాలంలో మామయ్య పడిపోయారు.

ఆ రోజు మధ్యాహ్నంనుంచీ సన్నగా జల్లు. పాపకు బడి సెలవు. నేను షెడ్డులో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, టీమంతా కూర్చున్న మీటింగులో ఉన్నాను. పని అయ్యాక గొడుగు వేసుకుని ఎప్పటిలాగే సందులోకి వచ్చి, తలుపు తాళం వేసి, నీళ్ళు నిలిచిన చోట చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంటూ వీధి చుట్టి వచ్చాను. టీ కొట్టు దగ్గర వాన కాస్త పెరిగితే చూరు కింద ఆగాను కూడా. గేటు దగ్గర పాప లేదు. వాన కదా, లోపలుందనుకున్నాను. ఇంట్లోనూ లేదు. వంటింటి గుమ్మంలోంచి పెరట్లోకి చూశాను.

బట్టలుతికే రాయి పక్కన మామయ్య వెల్లకిలా పడుకుని ఉన్నారు. తల కింద మా మంచం మీది దిండు. పాప ఆయన పక్కన గొంతుక్కూర్చుని, రెండు చేతులతో గొడుగు పట్టుకుని ఉంది. గొడుగు మొత్తం తాత మీదే. దాని జుట్టు తడిసి ముఖానికి అంటుకుపోయి ఉంది. షెడ్డు తలుపుకూ వాళ్ళకూ మధ్య నాలుగు అడుగుల దూరం కూడా లేదు.

"తాత జారి పడినాడు," అంది పాప. చలికి పళ్ళు టకటకమంటున్నాయి. "నేను తలుపు తట్టలేదమ్మా."

మామయ్య నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించారు. "డ్యూటీ అయిపోయిందా మా?" అన్నారు.

అప్పుడు నేనేం మాట్లాడానో నాకు గుర్తు లేదు. పక్కింటి అక్కను కేకేయడం, ఆటో, మావారికి ఫోను, అంతా ఒకదాని మీద ఒకటి పడి గుర్తున్నాయి. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి తుంటి ఎముక విరిగిందన్నారు. డాక్టరు చెప్పకముందే, కాలు పక్కకు తిరిగి ఉన్న తీరు చూసి నేను అది పోల్చుకున్నాను. తుంటి ఎముక విరగడానికి కోడుంది. తడినేల మీద జారి పడటానికి వేరే కోడుంది. పెరట్లో పడితే పెరటికి కూడా ఒకటుంది. ఆ అంకెలన్నీ వేళ్ళ చివర ఉన్నదాన్ని, ఆయన చేతిని పట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్నాను.

ఆపరేషను జరిగి, ఆయన మాట్లాడగలిగాక నాకు కోపం వచ్చింది. ఏడుపుకంటే ముందు కోపమే వచ్చింది.

"ఒక్క కేక వేస్తే వినపడేది కదా మామా! అంత నొప్పి పెట్టుకోని, వానలో అట్ల పడుకుంటారా? బిడ్డయినా పిలిచేది కదా!"

"పిలుస్తానన్నాది. నేనే వొద్దన్నాను," అన్నారు. "మీటింగు అని పొద్దున చెప్పినావు కదా. మద్దిలో వస్తే నీకు తొందరవు."

తొందరవు అంటే ఇబ్బంది అని అప్పటికి నాకు ఎవరినీ అడగకుండానే తెలుసు.

మావారు మంచం అవతలివైపు నిలబడి ఉన్నారు. "నేను పుట్టినప్పుడు కూడా నాయన మిల్లులో ఉన్నాడు," అన్నారు నాతో, మెల్లగా. "ఆస్పత్రినుంచి మనిషి పోయినా గేటు దగ్గరే నిలబెట్టేసినారంట. షిఫ్టు అయినాకే తెలిసింది. ఆయనకి డ్యూటీ అంటే అదే."

"అదేం గొప్ప మర్యాద కాదు," అన్నాను నేను. మామయ్య కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరవకుండానే, "కాదు మా," అన్నారు. "ఆ రోజు నాకూ రొంబ కష్టంగా ఉండె."

ఇంటికి వచ్చాక ఆ రాత్రి అన్నం దగ్గర పాప నన్ను అడిగింది. "నేను తలుపు తట్టాల్సిందా అమ్మా?"

దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఒళ్ళో పట్టే వయసు దాటుతోంది, కాళ్ళు నేలకు తగులుతున్నాయి. "గొడుగు పట్టినావు. దిండు తెచ్చినావు. అది చాలు. ఇంకమీద మాత్రం ఎప్పుడైనా తట్టొచ్చు. మీటింగు ఉన్నా తట్టొచ్చు," అన్నాను.

"తాత తిడితే?"

"తాతకి నేను చెప్తా."

చెప్పడం కంటే సులువైన పని ఒకటి మావారు చేశారు. పెరటివైపు తలుపును బందులు విప్పి తీసేశారు. ఆ చెక్కను గోడకు ఆనించి పెడితే దాని మీద పాప సుద్దతో బొమ్మలు గీసేది.

మామయ్య ఆసుపత్రినుంచి వచ్చాక ఆయనను ఒంటరిగా వదలకూడదన్నారు. మావారికి రేవు తప్పదు. అందుకని ఆయన మంచం కూడా షెడ్డులోనే వేశాం. నా బల్ల ఒక మూల, ఆయన మంచం ఒక మూల, మధ్యలో వాకరు. బడినుంచి వచ్చాక పాప ఆ మంచం అంచున కూర్చుని హోంవర్క్ చేసుకునేది. పొద్దున వీధి చుట్టి రావడం మాత్రం మామయ్య మాననివ్వలేదు. నేను సందు తలుపు తీసి లోపలికి వస్తే, మంచం మీదనుంచి, "వచ్చినావా? కూర్చో," అనేవారు, ఆఫీసు ఆయనదే అయినట్టు.

ఆ నెలలే నాకు అన్నింటికంటే ఎక్కువ గుర్తు. మామయ్య మా టీములో అందరి గొంతులూ పట్టేశారు. "ఆ మొగపిల్లోడు ఈ రోజు మాట్లాడలేదే, ఒళ్ళు బాగలేదా?" అని అడిగేవారు. నేను అదే మాట మీటింగులో అడిగితే, ఆ అబ్బాయికి నిజంగానే జ్వరం. ఆ తర్వాత మా టీమ్ లీడరు మీటింగు మొదట్లో "తాత ఎలా ఉన్నారు?" అని అడగందే పని మొదలుపెట్టేది కాదు.

పగలంతా పడుకుని ఉండి ఆయనకు తోచేది కాదు. నా పనేమిటో చెప్పమనేవారు. రోగుల పేర్లు, ఊళ్ళు మా దాకా రావు, వచ్చినా చెప్పకూడదు. అందుకని ఊరికే, "ఒక ముసలాయన మామా. నిచ్చెన మీదనుంచి పడి చెయ్యి విరిగింది," అనేదాన్ని.

"అయ్యో పావం. బాగయినాడా?"

"అది ఇందులో ఉండదు మామా."

"ఉండదంటే?"

"ఏం జరిగిందో అంతవరకే వస్తుంది. తర్వాతది మాకు రాదు."

ఆయన మోచేతి మీద లేచి నన్ను చూశారు. "ఇదేం పని మా? మనిషి లేచి నడిచినాడో లేదో తెలుసుకోకుండా ఇంకోణ్ణి చూసేదా? నీకు మనసు యెట్ల ఒప్పుతాది?"

నిజానికి అన్నేళ్ళలో నాకు ఆ ప్రశ్నే రాలేదు. ఆ సాయంత్రం ఆయన మళ్ళీ అదే ముసలాయన గురించి అడిగితే, ఏమనుకున్నానో ఏమో, "బాగయినాడు మామా. కట్టు విప్పేసినారు," అనేశాను. ఆయన హాయిగా వెనక్కి వాలారు. మర్నాటినుంచి అదే పని. రోజూ ఒకరిద్దరి గురించి అడగడం, నేను వాళ్ళను బాగుచేసి ఇంటికి పంపడం. కొన్నాళ్ళకు పాప కూడా కలిసింది. నేను తడుముకుంటే అదే అందుకునేది.

"ఆ అవ్వ లేచి ఇడియాప్పం చేస్తా ఉండాది తాతా. వాళ్ళ కుక్కకి కూడా పెట్టింది."

"కుక్క ఇడియాప్పం తింటాదా?"

"ఆ ఊరి కుక్క తింటాది."

మామయ్యకు అన్నీ కట్టుకథలని తెలుసు. తెలిసే అడిగేవారు. వాకరు పట్టుకుని మొదటిసారి మంచంనుంచి షెడ్డు గుమ్మం దాకా నడిచిన రోజు, నిలబడి ఆయాసపడుతూ, "ఇది రాసుకో మా. ఈయన నడిచినాడని రాసుకో," అన్నారు. ఆ నెల చివరికి బట్టలుతికే రాయి దాకా, పండగల నాటికి ముందు గేటు దాకా నడిచారు. ఒక సాయంత్రం నేను వీధి చుట్టి వచ్చేసరికి గేటు దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పలేం.

కంపెనీవాళ్ళు మళ్ళీ అందరినీ చెన్నైకి రమ్మన్నది ఆ తర్వాత కొన్నాళ్ళకు. కొందరికి గడువు ఇచ్చారు. నాకూ ఇచ్చారు. గడువు అయిపోయాక నేను వెళ్ళలేదు. ఇక్కడే, టౌను బస్సులో వెళ్ళి రాగలిగిన చోట, అదే పని చేసే చిన్న ఆఫీసులో చేరాను. మామయ్య చేరమన్నారు. "ఇది మంచి ఆఫీసు. నిజంగా బస్సు యెక్కి పొయ్యేది," అని నవ్వారు. ఆయన నిరుడు పోయారు. ఉదయం కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, కుర్చీలోనే. పాప బడికి పోయాక జరిగింది. దానికి కబురు పంపాలా, సాయంత్రం దాకా ఆగాలా అని ఎవరో అంటే, మావారు వాళ్ళ మాట పూర్తికాకముందే బండి తీసి బడికి వెళ్ళారు. ఆ క్లాసు మధ్యలోంచే దాన్ని తీసుకొచ్చారు.

షెడ్డును ఇప్పుడు మావారు తన పనిముట్లకు వాడుకుంటున్నారు. పాప హైస్కూలుకు వచ్చింది. దాని జడలు అదే వేసుకుంటుంది. మొన్న ఆదివారం బీచి రోడ్డులో నడుస్తుంటే, ఆ రోజుల గురించి నేను మాట్లాడాను. నీకు అప్పుడు చాలా కష్టమయింది కదా, హాల్లో నేను చెయ్యి ఎత్తితే నువ్వు నోరు తెరిచేదానివే కాదు కదా అన్నాను. దానికి అదేమీ గుర్తు లేదు. పన్ను ఊడింది గుర్తు లేదు. చేతులతో మాట్లాడటం గుర్తుంది గానీ, అది మేమిద్దరం ఆడుకున్న ఆట అనుకుంటోంది.

"నాకు కరెంటు పోయిన రోజు బాగా గుర్తుందమ్మా," అంది. "షెడ్డులో రొంబ ఉక్క. నీ కంప్యూటరు ఆరిపోయింది. తాత విసనకర్రతో మనిద్దరికీ విసిరినాడు. నువ్వు నాకు నూనె పెట్టి జడ వేసినావు. బాగ రాలేదని విప్పి మళ్ళీ వేసినావు. కరెంటు వచ్చింది, అయినా నువ్వు లేవలేదు. జడ ముగించినాకే లేచినావు."

నేను ఎంత వెతుక్కున్నా నాకు ఆ రోజు దొరకలేదు. కరెంటు పోయిన రోజులు చాలా ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి. "అవునా, నేనే వేసినానా?" అని అడిగాను.

"నువ్వే," అంది పాప. "తాత వేసింటే వంకరగా ఉండేది కదా." ఎదురుగా బఠాణీల బండి కనపడితే, మాట అక్కడే వదిలేసి అటు నడిచింది.